నాలుగు మాత్రల ఖాళీ

తంగెళ్ళమూడి, ఏలూరు
సెప్టెంబరు 21

ప్రియమైన తబస్సుమ్ అక్కకు,

నీ చెల్లెలు ఇరమ్ సలాములతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, నీ మరిది వసీమ్ కులాసా. నా కుడి చెయ్యి కూడా కులాసాగానే ఉంది. ఇన్నేళ్ళలో ఏ ఉత్తరంలోనూ చెయ్యి క్షేమం విడిగా రాయలేదు కదా, ఈసారి ఎందుకు రాశానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. హైదరాబాదులో నువ్వు, బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఆవిడ రోజుకు నాలుగుసార్లు డాబా ఎక్కి బట్టలు ఎండాయో లేదో చూసి వస్తోంది. కొల్లేరు నీళ్ళు రోడ్డెక్కాయని టీవీలో చూశావట. ఎక్కాయి, దిగాయి. నాలుగు రోజులు కైకలూరు బస్సులు తిప్పలేదు. వసీమ్ తివాచీల కొట్టుకు తేమ పట్టకుండా ఫ్యాన్లు పెట్టి కూర్చున్నాడు, కరెంటు పోతే విసనకర్ర కూడా ఊపేవాడేమో.

మూడో ప్రశ్న, ఈ మధ్య సంగీత సభల వాళ్ళెవరైనా నీకు ఫోన్ చేశారా అని. లేదక్కా, ఎవరూ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో, ఆ మాట నువ్వు ఎందుకు అడిగావో నాకు ఇప్పుడు తెలిసింది.

క్రితం నెల ఫణికిరణ్ మన ఇంటికి వచ్చాడు. తాడేపల్లిగూడెం అబ్బాయే, మన జంట వయొలిన్‌కు ఎన్ని కచేరీల్లో మృదంగం వాయించాడో. ఏలూరులో పెళ్ళికి వచ్చి, నన్ను చూసి పోదామని పళ్ళు పట్టుకుని వచ్చాడు. నేను కాఫీ గ్లాసు ఇస్తుంటే హడావిడిగా లేచి తనే అందుకున్నాడు.

"మీరెందుకు తెస్తారండి అక్కగారూ! చెయ్యి ఎలా ఉందండి ఇప్పుడు?"

"ఏ చెయ్యండీ?" అన్నాను.

"అదేనండి, భుజం పట్టేసిందటగా. కమాను ఎత్తలేకపోతున్నారని పెద్దక్కగారు చెప్పారండి. ఏడాది దాటిందటగా. మీరు లేని లోటు తెలుస్తూనే ఉందండి, కానీ ఏం చేస్తాం, ఆవిడ ఒక్కరే లాక్కొస్తున్నారు."

కచేరీలు తగ్గిపోయాయి, జంటలను ఎవరూ పిలవడం లేదు, మంచి రోజులు వచ్చేదాకా ఓపిక పట్టాలని పద్నాలుగు నెలలుగా నువ్వు రాస్తుంటే, పాపం అక్క ఎంత బాధపడుతోందో అని నీ కోసం దువా చేసినదాన్ని నేను. ఆ పద్నాలుగు నెలల్లో నువ్వు పంతొమ్మిది కచేరీలు వాయించావట. ఫణికిరణ్ వేళ్ళమీద ఊళ్ళు చెప్పాడు. రేడియోలో విడిగా పరీక్షకు వెళ్ళి సొంత గ్రేడు తెచ్చుకున్నావని కూడా, నాకు తెలిసే ఉంటుందనుకుని సంతోషంగా చెప్పాడు.

మనకు గ్రేడు జంటగా వచ్చింది అక్కా. ఆ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఒకే గీత మీద ఉన్నాయి. అందులోంచి నువ్వు లేచి వెళ్ళిపోతే నాకు మిగిలే గ్రేడు ఏదీ లేదు. నలభై రెండేళ్ళ వయసులో నేను ఎవరినని చెప్పుకోవాలి?

తర్వాత అతను ఫోన్‌లో వీడియో చూపించాడు. నువ్వు శంకరాభరణం వాయిస్తున్నావు. ఎంత బాగా వాయించావో! కోపంలోనూ అబద్ధం చెప్పలేను. స్వరకల్పన చివర ముక్తాయింపు ఎత్తుకున్నావు. నేను రాసిందే, మూడేళ్ళ కిందట మచిలీపట్నం కచేరీకి. తాళం లెక్కలో ఎనిమిది మాత్రల ముక్క మూడుసార్లు, మధ్యలో రెండు చోట్ల నాలుగేసి మాత్రలు నేను కింది స్థాయిలో నీకు జవాబు చెప్పాలి. మొత్తం ముప్ఫై రెండు, సరిగ్గా ఒక ఆవర్తం, తాళం మళ్ళీ మొదలయ్యే సమం మీద ఇద్దరం కలిసి దిగాలి. నువ్వు నీ ఎనిమిదీ వాయించి కమాను ఎత్తి ఆగావు. నాలుగు మాత్రలు ఏమీ లేదు. మళ్ళీ ఎనిమిది వాయించావు. మళ్ళీ ఆగావు. ఒక్కరు వాయించుకునేలా దాన్ని మార్చుకోవాలని కూడా నీకు తోచలేదు. నా వంతు తీసేసి, అది ఉండాల్సిన చోటు అలాగే వదిలేశావు.

"ఆ ఖాళీలు ఎవరి ఆలోచనండీ!" అన్నాడు ఫణికిరణ్. "నేను కూడా చేతులు ఎత్తేసి కూర్చున్నానండి. జనం ఊపిరి బిగబట్టి, దిగగానే చప్పట్లండి బాబూ. అక్కగారి బుర్రే బుర్ర."

వీడియో నడుస్తున్నంతసేపూ ఆ నాలుగు మాత్రల దగ్గర నా ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద వాటంతట అవే కదిలాయి. రెండుసార్లూ కదిలాయి. అతను చూడలేదు.

అప్పుడు నేను ఏం చెయ్యాలి? నా చెయ్యి గుండ్రాయిలా ఉందండీ, మా అక్క అబద్ధమాడింది అనాలి. అనలేదు. "ఔనండి, కుడి భుజం. రాత్రిళ్ళు మరీ నొప్పి" అన్నాను. నీ పరువు పోతుందని నా నోరు దానంతటది అబద్ధం అల్లేసింది. పక్కవాద్యం బుద్ధి, ముందున్న మనిషి ఎటు వెళ్తే అటు వెళ్ళడమే అలవాటు.

అతను వెళ్ళాక అమ్మ లోపలి నుంచి వచ్చింది. "నీకు భుజం ఎప్పుడు పట్టేసిందే?" అంది. జరిగింది చెప్పాను. అమ్మ మాత్రం, "మీ అక్క ఊరికే అలా అంటుందా? ఎవరో ఏదో అంటే సర్దిచెప్పి ఉంటుంది. పెద్దది కదా" అంది. మన అమ్మ మరియంబీ గారి కోర్టులో నువ్వు ఎప్పుడు ఓడావు గనక! ఆ పూట నేను అన్నం తినలేదు, ఆవిడ గమనించలేదు.

మర్నాడు మందుల షాపులో క్రేప్ బ్యాండేజీ కొని భుజానికి చుట్టుకున్నాను. నవ్వుకో. నీ మాట నిజం చెయ్యడానికి. ఎవరైనా దారిలో అడిగితే సమాధానం కనబడాలి కదా. మూడు వారాలు కట్టుకుని తిరిగాను. కూరగాయల సంచీ ఎడం చేత్తో మోశాను. వసీమ్ రెండు రోజులు చూసి, "రేపు నువ్వు నిజంగా వాయిస్తానంటే ఎవరు నమ్ముతారు?" అని మాత్రం అడిగాడు. నేను విసుక్కున్నాను.

అతనన్నదే అయింది. సాయిదుర్గ తెలుసుగా, కొల్లేరు లంకల నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి. తొమ్మిదేళ్ళుగా నా దగ్గర నేర్చుకుంటోంది, వచ్చే ఏడు డిప్లొమా పరీక్ష. వాళ్ళ నాన్న చేపల చెరువు కాడి నుంచి ఫోన్ చేశాడు. "మీకు చెయ్యి బాలేదంటగా టీచర్ గారండీ, ఇబ్బంది పెట్టడం ఎందుకండీ, పిల్లను విజయవాడలో చేర్పించామండీ" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. నేనూ మంచిదండీ అన్నాను. ఫోన్ పెట్టాక ఏడుపు వచ్చింది.

నాన్న ఎంత కష్టపడ్డారు మన కోసం! తను సన్నాయి వాయిస్తూ కూడా, ఊదితే పిల్లల దవడలు వాస్తాయని అమ్మ పోరు పెడితే మన చేతికి వయొలిన్లు ఇచ్చారు. తెల్లారి పాసింజరులో మనిద్దరినీ తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి, పాఠం అయ్యేదాకా గురువు సత్యనారాయణమూర్తి గారి అరుగు మీద కూర్చునేవారు. వచ్చేటప్పుడు పూళ్ళ నుంచి దెందులూరు దాకా మన చేత చేతులమీద తాళం వేయించేవారు. దాదాపీర్ పిల్లలకు పిచ్చేమోనని రైలు పెట్టెలో జనం చూసేవాళ్ళు. గురువు గారు నీకు పై స్థాయి, నాకు కింది స్థాయి ఇచ్చారు. "పెద్దదానిది నాదం, చిన్నదానిది లెక్క. ఇద్దరూ కలిస్తే ఒక విద్వాంసురాలమ్మా" అనేవారు. అప్పుడు అది మెచ్చుకోలు అనుకున్నాను. అందులో సగమే నేనని ఇప్పుడు అర్థమవుతోంది.

నువ్వెందుకు చేశావో ఊహించుకున్నాను. ఇద్దరికి రైలు, ఇద్దరికి గది అంటే సభల వాళ్ళు వెనకాడి ఉంటారు. ఒక్కరైతే రండి అని ఉంటారు. అది నాతో చెబితే నేను పంతం పట్టేదాన్నా? వెళ్ళిరా అక్కా అనేదాన్ని. ఏడ్చేదాన్ని, కానీ అనేదాన్ని. నువ్వు వెళ్ళినందుకు కాదు నా బాధ. నువ్వు వెళ్ళడానికి నా చెయ్యి తీసేశావు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇంతసేపూ దాని దగ్గరికి రాకుండా చుట్టూ తిరుగుతున్నాను.

కల్యాణిలో కొత్త ముక్తాయింపు ఒకటి కావాలి, ఊరికే సాధన కోసం అని రాశావు. సాధన కోసం కాదు. అక్టోబరు పదిహేడున గూడెం సభలో నీ కచేరీ ఉందని, అందులో కల్యాణే ప్రధానమని ఫణికిరణ్ ముందే చెప్పాడు. గురువు గారి ఊళ్ళో, మన ఇంటికి గంట దూరంలో, నాకు చెప్పకుండా, నా లెక్కతో! ఆ కోపంలో రాశాను. ఒక్కరు వాయించేదని తెలుసు కనుక ఖాళీలు పెట్టలేదు. నీకు పది రోజుల కిందట అందిన కాగితం అదే. దాంతో ఉత్తరం ఎందుకు లేదా అనుకుని ఉంటావు. రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ ముక్తాయింపు తప్పు అక్కా. కావాలనే తప్పు రాశాను. మూడో వరస చివర తొమ్మిది మాత్రలు ఉండాలి, ఎనిమిదే పెట్టాను. ఒక మాత్ర ముందే దిగిపోతావు. నువ్వు తాళం వేసి సరిచూసుకోవని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా కాగితం మీద నా చేతిరాత కనబడితే చాలు నీకు, కళ్ళు మూసుకుని వాయించేస్తావు. లోకంలో నన్ను అంతగా నమ్మిన మనిషివి నువ్వొక్కదానివే. సరిగ్గా అక్కడే కొట్టాను.

పదిహేడో తారీకు ఎలా ఉంటుందో తలచుకున్నాను. నువ్వు దిగడం, తాళం ఇంకా రాకపోవడం, ఫణికిరణ్ నీ మొహంలోకి చూడటం, ముందు వరసలో గురువు గారి భార్య సూర్యకాంతం గారు తలెత్తడం. మూడు రోజులు ఆ బొమ్మ చూసుకుని సంతోషించాను. నిజంగానే సంతోషించాను. నాలుగో రోజు కట్టు విప్పి, తలుపు వేసుకుని, దాన్ని నేనే వాయించి చూశాను. ఆ ఎనిమిదో మాత్ర దగ్గర చెయ్యి ఆగదు. ఎన్నిసార్లు వాయించినా తొమ్మిదే వాయిస్తోంది. సిగ్గేసింది. నీ మీద జాలితో కాదు, తప్పు లెక్క నా చేతిరాతలో ఇంతకుముందు ఎప్పుడూ గడప దాటలేదు, అందుకు. దిద్దుకో: మూడో వరసలో 'తకిట తకతకిట' అని ఉన్నచోట 'తకదిమి తకతకిట' అని రాసుకో. తాళం వేసి, వేళ్ళతో లెక్కపెట్టి మరీ చూసుకో. ఇకమీద నీకు లెక్కలు రాసి పంపను.

గురువారం నేను గూడెం వెళ్ళాను. సభ కార్యదర్శి ప్రసాదరావు గారు నన్ను చూసి కుర్చీ తుడిచి వేశారు, చేతికి నొప్పి అని. ఆయన ముందే కట్టు విప్పి బల్ల మీద పెట్టాను. పెట్టెలోంచి వయొలిన్ తీసి, పై స్థాయిలో, నీ స్థాయిలో, తోడి రాగం వాయించాను. పది నిమిషాలు. వేళ్ళకు అలవాటు లేని చోటు, రెండుసార్లు గాంధారం తప్పింది.

"ఇదేంటమ్మా, మరి మీ అక్కగారు..." అని ఆగిపోయారు ఆయన.

"నాకు నొప్పి లేదండి, ఎప్పుడూ లేదండి" అన్నాను. అంతకు మించి నీ గురించి ఒక్క మాట అనలేదు. ఆయన ఎంత అర్థం చేసుకున్నారో నాకు తెలియదు.

"పదిహేడున ఇద్దరూ కూర్చోండమ్మా, ఇంకో మైకు పెట్టిస్తాను" అన్నారు. వద్దన్నాను. నాకు విడిగా ఇవ్వమన్నాను. చాలాసేపు కాగితాలు తిరగేసి, "పద్దెనిమిది సాయంత్రం పెద్ద కచేరీకి ముందు అరగంట ఉందండీ. పిల్లలకిస్తాం మామూలుగా. మిమ్మల్ని అడగడానికి నాకే బాగాలేదు" అన్నారు.

"ఇవ్వండి" అన్నాను.

కాబట్టి అక్కా, నీ కచేరీ మర్నాడు నాది. రేడియో పరీక్షకు కూడా దరఖాస్తు పెట్టాను, కింది గ్రేడు నుంచి మొదలు. రోజుకు నాలుగు గంటలు సాధన చేస్తున్నాను. అమ్మ డాబా మెట్ల మీద ఆగి వింటోంది.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గుతుందని మాట కూడా ఇవ్వలేను. పదిహేడున నేను రాను, నన్ను వెతకొద్దు. అక్కడ చెల్లెలి చెయ్యి ఎలా ఉందని నిన్ను ఎవరైనా తప్పక అడుగుతారు. బాగుందని చెప్పు. నువ్వే చెప్పు, నీ నోటితో.

ఇట్లు,
నీ తోడబుట్టిన
ఇరమ్