రేకు తలుపు

ఫిల్మ్ నగర్

ఆదినారాయణ అన్నయ్యగారూ,

మోకాళ్ల నొప్పి తగ్గిందా? మీ మూలంగా మా ఇంట్లో వారం నుంచి ఒకటే గొడవ. మా పెరటి వైపు, కిటికీ లేని పాత డబ్బింగ్ గదిలో ఇప్పుడు కోడలు లాస్య ఆఫీసు పని చేసుకుంటోంది. ఇంట్లో ఒక రౌటర్, గదిలో ఇంకొకటి పెట్టి, వైరు లేకుండా రెండింటినీ కలిపింది. మీటింగ్ మొదలవగానే నెట్ పోతోంది. వైఫై ఛానెల్ మార్చింది, రౌటర్లు జరిపింది. చివరికి నన్ను పిలిచి, "అత్తయ్యా, తలుపు తీస్తే వస్తోంది, వేస్తే పోతోంది. ఇందులో ఏం పెట్టించారు?" అంది.

ఏముంది, మీరు నా గొంతు రికార్డింగ్ చేసే రోజుల్లో తలుపుకి కొట్టిన ఇనప రేకు! వీధిలో ఆటో హారన్ నా డైలాగులో పడిందని కోపమొచ్చి, గుడ్డ కింద రెండు పొరలు వేశారు. ఆ తలుపు వెనక ఎంతమంది హీరోయిన్ల ఏడుపులు ఏడ్చానో మీకొక్కరికే తెలుసు.

ఆదివారం వడ్రంగి వచ్చి చెక్క తలుపు బిగిస్తాడు. మీరు శనివారమే రండి. ఒక్కసారి ఆ తలుపు వేసి, అప్పట్లోలాగే "రెడీయా అమ్మా?" అనండి. నేను ఏదో ఒక డైలాగు చెబుతాను. కాసేపు నెట్ పోయినా ఫరవాలేదంది లాస్య.

టేక్ బాగా వచ్చినా సరే, 'వన్ మోర్' అనండి.

మీ చెల్లెలు