నేలమాళిగ గోడ

లార్విక్,
అక్టోబరు 28

తమ్ముడు ఐవిన్‌కు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. మోకాలు మాత్రం మెట్లెక్కిన ప్రతిసారీ నన్ను తిడుతోంది; ఇల్లు అమ్మడానికి ఒప్పుకున్నదే అందుకు. హామర్‌ఫెస్ట్ చలిలో నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ కుట్టుమిషను ఏం చేశావని అడిగావు. దాన్ని ఎవరికీ అమ్మెయ్యలేదు, అది నీ కూతురికే. కొనేవాళ్ళు చూడ్డానికొచ్చేలోగా ఇల్లు ముస్తాబు చేయడానికి వచ్చే మనిషిని ఒంటరిగా వదలొద్దన్నావు. ఒక్క నిమిషం వదల్లేదు. మన ఇంట్లో అనుమానం ఉగ్గుపాలతోనే పోశారు కదా.

ఆమె పేరు తోరున్. ముప్పై ఏళ్ళుంటాయి. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు పంపాడు. మొదటిరోజే గోడల మీది ఫోటోలన్నీ దింపేసింది. నాన్న కుర్చీ గరాజులోకి పోయింది. ఆ చోట బూడిదరంగు సోఫా, దాని మీద ఎవరూ ఆనుకోకూడని దిండ్లు. వంటగదిలో గిన్నె నిండా నిమ్మకాయలు. ఒకటి కోసి టీలో పిండుకోబోతే, "అవి చూడ్డానికేనండీ" అంది.

"ఇక్కడ మనుషులుంటున్నారని తెలిస్తే తప్పా?" అన్నాను.

"మీరున్నట్టు కాదు, తాముంటే ఎలా ఉంటుందో కనపడాలి కొనేవాళ్ళకి."

మాట తియ్యగా ఉంది. అందుకే నమ్మలేదు. వెండి చెంచాలు నా పరుపు కింద దాచాను. ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆమె సంచీ కూడా తెరిచి చూశాను: కొలత టేపు, కొవ్వొత్తులు, సగం తిన్న రొట్టె.

మరునాడు ఆమె నేలమాళిగలోకి మూడుసార్లు దిగింది. కిందికి దిగి ముస్తాబు చేయడానికి అక్కడేముంది? మూడోసారి చప్పుడు కాకుండా నేనూ వెనకే దిగాను. పాత బీరువా పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, గోడకి అరచెయ్యి ఆనించి ఉంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "చెమ్మ వాసనొస్తోందండీ. ఎక్కణ్ణుంచా అని." అరచెయ్యి చూపించింది. తడి. "ఈ పెయింటు ఈమధ్య వేసిందే. ఎవరేశారు?"

"ఏమో. ఎప్పటిదో."

"నీళ్ళు ఎప్పుడూ రాలేదని అమ్మకం కాగితంలో రాశారట కదా."

"బీరువా మళ్ళీ జరిపేయ్. పైన దాల్చినచెక్క బన్నులు కాలిస్తే వాసన పోతుంది. నీ పని అదేగా."

ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "ముస్తాబు చెయ్యడం నా పని సోల్వై గారూ. కొనేవాళ్ళ కళ్ళకి గంతలు కట్టడం కాదు. ఆదివారం జనం చూడ్డానికొస్తారు. ఈలోగా మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఐవిన్, ఇక దాచలేను. ఆ పెయింటు వేసింది నేనే. ఆరేళ్ళుగా మంచు కరిగినప్పుడల్లా ఆ గోడ వెంట నీళ్ళు దిగుతున్నాయి. అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు ఫోనులో "కింద పొడిగానే ఉందా అక్కా?" అని అడిగావు. ఉందన్నాను. తడి అని తెలిస్తే, ఇద్దరి పేరునా ఉన్న ఇల్లు అప్పుడే అమ్మేద్దామంటావేమో, నేనెక్కడికి పోవాలి అని భయం. నువ్వు రావాలనుకున్నప్పుడల్లా ఏదో వంక పెట్టి ఆపాను. నువ్వొస్తానన్న ఆ ఈస్టరుకి నాకు జ్వరమేమీ రాలేదు. దొంగ అనుకుని ఆ పిల్ల వెనకాలే తిరిగాను గానీ, ఈ ఇంట్లో దాచిపెట్టినదాన్ని నేనే.

శనివారం పొద్దున్నే ఏజెంటుకి చెప్పాను. ఆదివారం జనం రావడం రద్దయింది. కాగితం మళ్ళీ రాశాం. రెండు వారాల తర్వాత జనం సగానికి సగమే వచ్చారు. అందులో ఒక తాపీమేస్త్రీ, అతని భార్య. అతను తిన్నగా కిందికి దిగి గోడ తట్టి చూశాడు.

"నీళ్ళెప్పుడొస్తాయమ్మా?"

"మంచు కరిగే నెలలో. ఉత్తరపు మూల నుంచి."

"మూల తెలిసింది కదా, తవ్వేది అక్కడే," అన్నాడు. వాళ్ళే కొన్నారు, మనం అనుకున్నదానికంటే తక్కువకి; నువ్వు నాకు రాసిచ్చిన హక్కుతో నీ తరఫునా నేనే సంతకం పెట్టాను. ఆ నష్టం నా అబద్ధం తెచ్చిందే.

తలుపు ఎవరు తట్టినా ఇప్పుడు నాకు గుండె అదరడం లేదు. నువ్వు తడితే మాత్రం అదురుతుంది. తాళాలు ఇచ్చేది నవంబరు ఇరవైన. ఈలోగా ఒక్కసారి రా. తిట్టడానికైనా సరే.

ఇట్లు,
ఈసారి రావద్దనని
నీ అక్క
సోల్వై