మొగిలన్న అసలు వయసు

గోదావరిఖని, 12-6-1978

రాజం బావకు నమస్తే.

మొగిలన్న పేగు క్యాన్సరుతో పోయినప్పటి నుంచి నాకూ అదే ఫికరు. పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష హైదరాబాదులో ఉందట. ఎప్పుడు చేయించుకోవాలని డాక్టరును అడిగాను. "మీ అన్నకు రోగం ఏ వయసుల బయటపడ్డదో, దానికి పదేండ్ల ముందే చూపించుకోవాలె" అన్నాడు.

గని రికార్డు ప్రకారం రోగం బయటపడ్డప్పుడు అన్నకు నలభై అయిదేళ్లు. నాకిప్పుడు ముప్పై మూడు. రెండేళ్లు ఆగవచ్చు.

కానీ అన్నను పనిలో చేర్పించింది నువ్వు. "మూతి మీద నూగు రాని పోరనికి మా అల్లుడు పద్దెనిమిదేండ్లు రాయించిండు" అని అవ్వ నవ్వేది. అప్పుడు అన్నకు అసలు ఎన్నేళ్లు, బావా? పదహారైతే నాకు ఈ ఏడే గడువు. పదిహేనైతే నిరుడే దాటింది.

రాస్తుంటే తెలుస్తోంది, నీ జవాబు ఏదైనా రెండేళ్లు మాత్రం లేవు. వచ్చే సోమవారం హైదరాబాదు రైలెక్కుతున్నాను. ఇంట్లో సారక్కకు అప్పుడే చెప్పకు.

నీ బామ్మర్ది