గడ్డకట్టని మైనం

సూర్యాపేట,
28 ఏప్రిల్ 2013

చిరంజీవి మహేశ్వర్‌కు,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయలేను. మిర్యాలగూడలో నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ స్వామిని అడుగుతున్నాను.

నువ్వు మొదటి బస్సుకు వచ్చిన ఆ పొద్దు గుర్తుకొస్తున్నది. మీ అన్న లింగస్వామి పాల క్యాన్లు బండికి కడుతున్నాడు. నేను పూజకు మందారాలు కోస్తున్నాను. నువ్వు గోనెసంచి విప్పి, మైనం నింపిన వెండిరంగు సంచులు తీశావు. కాన్పుకు పుట్టింటికి వచ్చి బాబును కన్న మీ అన్న బిడ్డ ప్రవళిక గదికి, పైకప్పు నిండా వాటిని బిగించావు. పగటి వేడిని తాగి మైనం కరుగుతుందని, రాత్రి చల్లగాలికి మళ్లీ గడ్డకడుతుందని, కరెంటు పోయినా పసివాడికి ఉక్క ఉండదని చెప్పావు. రాత్రిపూట కిటికీలు మాత్రం తెరిచి ఉంచాలన్నావు. ఏందిరా, నా మనుమరాలి నెత్తిమీద కొవ్వొత్తులు కడ్తున్నవా, అగ్గిపెట్టె గూడ తెచ్చినవా అని అమ్మ నవ్వింది. నువ్వూ నవ్వావు. చాయ్ తాగి, ఎండ ముదరకముందే వెళ్లావు.

బాబును తొట్టెలలో వేసే రోజైనా రాలేదు. గురువారం పొద్దున ఒళ్లు కాలిపోయింది, పాలు తాగలేదు. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది. వేడికి ఒంట్లో నీరంతా ఆరిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ మాత్రం వాకిట్లో కూర్చొని, వాని మైనమే నా బంగారాన్ని మింగింది అని వచ్చినవాళ్లందరితో అన్నది. అది వింటూనే నువ్వు లోపలికి వచ్చావు. నేనిచ్చిన నీళ్లు తాగకుండానే తిరిగిపోయావు.

ఆ సాయంత్రం దీపం పెట్టినాక లింగస్వామి, మరదలు గోపిక, అల్లుడు ధర్మేందర్, నేను కూర్చున్నాం. అమ్మ, ప్రవళిక లోపల పడుకున్నారు. అనుకున్నది ఇది: సంచులన్నీ పీకి పారేయాలి. ఎవరడిగినా మైనం వల్లనే అని చెప్పాలి. అమ్మ ఉన్నన్నాళ్లు నువ్వు ఈ గడప తొక్కకూడదు. నీకు రాయమని నాకు అప్పగించారు. రాశాను.

నీ పెద్దక్క,
ఆండాలు

తా.క.: పై మాటలు వాళ్లవి. ఇవి నావి. దవాఖాన నుంచి రాగానే, ఎండ ఎక్కకముందే, ఆ గదిలోకి పోయి ఒక సంచి దించాను. పగలలేదు, కారలేదు. లోపల మైనం నూనెలా కదిలింది. రాత్రంతా గడ్డకట్టనేలేదు. కిటికీ సందుల నిండా అమ్మ పాత చీర పీలికలు. మంచం కింద కుంపటి, ఇంకా వెచ్చగా ఉంది. బాలింతకు గాలి సోకొద్దని, ఈ ఇంట్లో ప్రతి కాన్పుకూ చేసినట్టే అమ్మ చేసింది. అప్పటిది పెంకుటిల్లు, ఇది స్లాబు. ఈ సంగతంతా ఆ సాయంత్రం వాళ్లకు ముందే చెప్పాను. లింగస్వామి ఏడ్చాడు. అమ్మకు ఎరుకైతే బతకదక్కా, తమ్ముడైతే తట్టుకుంటడు అన్నాడు. అందరూ తలూపారు. నేను ఊపలేదు.