చైన్ పుల్లీ తిన్న సగం

1984 ఏప్రిల్, బుధవారం.

మా చూడి గేదె ఎండిన బావిలో పడింది. నలుగురం మోకుతో లాగినా కదల్లేదు. బావమరిది చీమకుర్తి క్వారీ నుంచి బండరాళ్లెత్తే చైన్ పుల్లీ తెచ్చి, బావిమీద దూలం వేసి కట్టాడు. నా భార్య మరియమ్మ ఒక్కతే గొలుసు లాగితే గేదె పైకి లేచింది! సగం దారిలో గొలుసు ఆమె చేతిలోంచి జారిపోయింది.

"అయ్యో ప్రభువా!" అని కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువక్కా! నీ గేదె ఎక్కడికీ పోలేదు," అన్నాడు బావమరిది.

గేదె గాలిలో అలాగే ఆగి ఉంది. కాసేపటికి గట్టు మీదికి చేర్చాం.

ఇందాక లెక్క వేశాను. గొలుసు లాగడంలో మరియమ్మ చేసిన పనిలో సగం కూడా గేదెను ఎత్తడానికి చేరలేదు. మిగతాదంతా పుల్లీ చక్రాల రాపిడికే పోయింది. గొలుసు జారినప్పుడు గేదెను, దాని కడుపులోని దూడను పడకుండా పట్టుకున్నది ఆ రాపిడే. దాన్ని నష్టమని రాయడానికి నాకు చేతులు రావడం లేదు.