షార్జాలో ఆపా ఇల్లు

ఊర్జానగర్, చంద్రపూర్
ఏప్రిల్

ప్రియమైన ఖుర్షీద్ ఆపాకు,

సలాం. ఎప్పటిలాగే ఈ కాగితాన్ని ఫోటో తీసి పంపుతున్నాను, వేళ్లతో పెద్దది చేసుకుని చదువుకో. ఫోన్లో మాట్లాడుకుంటే అక్కడ నీ కోడళ్లు, ఇక్కడ మీ మరిది పక్కనే ఉంటారు. తెలుగు రాత అయితే మీ ఇంట్లో ఎవరికీ రాదు. ఇక్కడ మరాఠీ బడిలో చదివిన మీ మరిదికీ, నా కూతురికీ రాదు. కాగజ్‌నగర్ సర్కారు బడిలో మన చెవులు మెలిపెట్టి అక్షరాలు దిద్దించిన పంతులుగారు, అవి ఇందుకు పనికొస్తాయని కలలో కూడా అనుకుని ఉండరు.

విషయానికి వస్తాను. నువ్వు ఇక్కడికి రాలేవు, నేను కరాచీకి రాలేను. ఇద్దరికీ వీసా దొరికే ఊరు, ఇద్దరి స్తోమతకీ అందే ఊరు వెతికితే షార్జా కనిపించింది. దుబాయ్‌కి పక్కనే, దుబాయ్ కంటే చౌక. జూన్‌లో వెళ్దాం. ఆ నెలలో ఎండలకు జడిసి జనం అటు పోరట, అందుకే టికెట్లూ గదులూ బాగా తగ్గుతాయట. ఇది చెప్పినవాడు జట్‌పురా గేటు దగ్గర టికెట్ల ఆఫీసు నడిపే ప్రమోద్. "చాలా ఎండ తాయీ, ఆలోచించుకోండి" అని జాలిపడ్డాడు కూడా. చంద్రపూర్‌లో కూర్చుని చంద్రపూర్ మనిషిని ఎండ పేరు చెప్పి భయపెట్టడం నేనెక్కడా చూడలేదు.

రోలా అనే పేటలో వంటగది ఉన్న గది ఒకటి మాట్లాడాను. బియ్యం, పప్పు, కారప్పొడి నేను తెస్తాను. మసాలాలు, టీ పొడి నువ్వు పట్టుకురా. హోటల్ తిండి జోలికి పోవద్దు. పెద్ద మేడలు ఎక్కి చూడటానికి టికెట్టు పెట్టారట. కింద నిలబడి తలెత్తి చూస్తే ఎవరూ ఏమీ అడగరు కాబట్టి మనం అలాగే చూద్దాం. సముద్రపు ఒడ్డు ఎలాగూ ఉచితమే. నీ వీసాకి గది కాగితం, రానూపోనూ టికెట్టు ముందే చూపించాలన్నావు కదా, గది కాగితం దీనితోనే పంపుతున్నాను. వీసా రాకపోతే గది వదులుకోవచ్చు, నష్టం లేదు. టికెట్టు మాత్రం వెనక్కి తీసుకునే రకమే కొను, కాస్త ఎక్కువైనా సరే.

గది కాగితం మీద రెండో పేరు కోసం నీ పాస్‌పోర్టు ఫోటో చూపిస్తే ప్రమోద్ పెన్ను కింద పెట్టాడు. "తాయీ, హే కోణ?" అన్నాడు, ఎవరీమె అని. "మాఝీ బహీణ్," నా తోబుట్టువు అన్నాను. వాకిలి వైపు ఒకసారి చూసి, "బహీణ్ ఆహే నా, మగ్ ఠీక్", తోబుట్టువే కదా, అయితే సరే అని రాసుకున్నాడు. నువ్వు ఎక్కడ ఉంటావో నేను చంద్రపూర్‌లో ఇంటి బయట చెప్పిన మొదటి మనిషి అతనే.

అవును ఆపా, ఇది నీకు ఎప్పుడూ రాయలేదు. మా కాలనీలో నువ్వు కరాచీలో లేవు. మేం ఈ క్వార్టర్‌లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో రెండు దేశాల మధ్య వార్తలు బాగాలేవు. పక్క క్వార్టర్ భాగ్యలక్ష్మి వచ్చి మీ అక్క ఎక్కడుంటుందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా అత్త వంటింట్లోంచి "షార్జా" అంది. ఆ పైన మాటలతో ఇల్లు కట్టింది నేనే. నీకు మూడో అంతస్తులో ఇల్లు, బావకి కరెంటు సామాన్ల దుకాణం. ఒక బాల్కనీ కూడా ఇచ్చి, అందులో కరివేపాకు మొక్క పెట్టాను. మక్కాకి ఉమ్రా యాత్రకి వెళ్లినవాళ్ల చేత నువ్వు పంపిన సూట్లు షార్జా సూట్లని కాలనీ అంతా పట్టుకుని చూసింది.

అదంతా నాకు పెద్ద బాధ కాలేదు. కానీ మన అమ్మి పోయినప్పుడు వీసా దొరక్క నువ్వు అక్కడ ఏడుస్తుంటే, ఇక్కడ మమ్మల్ని చూడటానికి వచ్చినవాళ్లు "షార్జా ఎంత దూరం? తల్లి ఆఖరి చూపుకి కూడా రాలేదు, ఆమెకు మనసు లేదు" అన్నారు. నేను వింటూ వాళ్లకు టీ పోశాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చివరిసారి నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నా కూతురు రెండో తరగతి. ఇప్పుడు దాని కొడుక్కి నడక వచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే మనం ఒకరినొకరు ఫోన్లోనే చూసుకుంటూ ముసలివాళ్లం అవుతాం, అందుకే ఈ ప్రయాణం.

నీ చెల్లెలు
సాబేరా

*

ఊర్జానగర్
మే

నా బంగారు ఆపాకు,

ఒక చిక్కు వచ్చిపడింది. దానికి కారణం నీ షార్జా ఇల్లే.

భాగ్యలక్ష్మి తమ్ముడు శ్రావణ్‌కుమార్ నిజంగానే షార్జాలో ఉన్నాడు, ఏదో గోదాములో పని. నా ప్రయాణం సంగతి తెలిసి ఆమె ఆవకాయ సీసా పట్టుకుని వచ్చింది. "సాబేరక్కా, మా తమ్మునికి గీ తొక్కు పట్టుకపో. వాడే మీ అక్క ఇంటికొచ్చి తీస్కుంటడు" అంది. సరేనన్నాను. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. మీ మరిది కరెంటు ప్లాంటులో ఆమె భర్త కనకరాజుతో గది సంగతి అన్నాడట. "ఏందక్కా, సొంత అక్క ఇల్లుండంగ హోటల్ల దిగుతవట? మీ ఇద్దరికి పడుతలేదా?" అని అడిగింది.

అవును పడటం లేదు అంటే అక్కడితో అయిపోయేది. మీ మరిది కూడా లోపల్నుంచి అలాగే చెప్పమని సైగ చేశాడు. కానీ అలా అంటే నిన్ను ఇంకోసారి మనసులేనిదాన్ని చేయాలి. అమ్మి పోయినప్పుడు ఊరుకుని ఒకసారి చేశాను, చాలు అనిపించింది. "మా ఆపాకు షార్జాలో ఇల్లు లేదు భాగ్యా, ఆమె ఉండేది కరాచీ" అన్నాను.

భాగ్యలక్ష్మి బల్ల మీది సీసా తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మీ మరిది అన్నం సగంలో లేచాడు. "రిటైర్మెంట్ దగ్గరపడ్డది. రేపు ఎవడన్న నా ముందర నిలబడి అడిగితె నేనేం చెప్పాలె? ప్రయాణం బంద్ చేయి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నీకు తెలుసు, భయపడ్డాడు అంతే. భాగ్యలక్ష్మి వారం రోజులు మా వైపు గోడ మీద బట్టలు కూడా ఆరేయలేదు. బొగ్గు దుమ్ము పడే అవతలి తీగ మీద ఆరేసింది.

మొన్న పొద్దున వచ్చింది. అదే సీసా, దాని పక్కన ఇంకో సీసా పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇన్నేండ్ల సంది నాకు షార్జా ముచ్చట్లు చెప్పినవ్. బాల్కనీల కరివేపాకు ఎట్ల పెరుగుతుందని గూడ చెప్పినవ్" అంది.

"అవును" అన్నాను.

"మా తమ్ముడు ఆడ కొత్తగ పోయినప్పుడు ఒక్కపూట అన్నానికి మీ అక్క ఇంటికి పంపుదామని అడ్రసు అడిగితి. ఇయ్యకపోతివి. పొగరనుకున్న."

"అప్పుడే కరాచీ అని చెప్తే నువ్వేం చేసేదానివి?"

"ఏమో. భయపడుతుంటినేమో. అయినా నాకు చెప్పాలె గదా" అంది. రెండో సీసా మూత గట్టిగా బిగించి, "ఇది గోంగూర, మీ అక్కకు. ఆడ దొరుకుతదో లేదో" అని వెళ్లిపోయింది. కాలనీలో ఎవరికైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. మీ మరిది ఆ సీసాలను చూసి నా సూట్‌కేసు అటక మీంచి దించి పెట్టాడు.

ఇక నీ సంగతి. వీసా ఏమైందని అడిగితే ఫోన్లో "అవుతుందిలే" అంటున్నావు. ఇంట్లో బియ్యం అయిపోయినప్పుడు అమ్మి కూడా అచ్చం అలాగే అనేది. తిప్పి పంపారా? నిజం రాయి. నువ్వు లేని షార్జా నాకు అక్కర్లేదు.

నీ
సాబేరా

*

కరాచీ
మే నెలాఖరు

నా చిన్నారి సాబేరాకు,

నా తెలుగు తుప్పు పట్టింది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు. చూపించినా చదివేవాళ్లు లేరనుకో.

ముందు నువ్వడిగినదానికి జవాబు. మొదటిసారి తిప్పి పంపారు. ఎందుకో రాయలేదు. నీకు చెబితే వెంటనే గది వదిలేస్తావని దాచాను. తర్వాత ఇక్కడి ఏజెంటు చెప్పినట్టు మీ బావ పేరు కలిపి, పెద్దవాడి జీతం కాగితాలు జతచేసి మళ్లీ వేశాం. నిన్న ఇద్దరికీ వచ్చింది. బావ వస్తున్నారని గాబరా పడకు. ఆయన దుబాయ్‌లో మేనల్లుడి దగ్గర ఉంటారు. గది మనిద్దరిదే.

నీ మొదటి ఉత్తరం చదివి నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఎందుకో విను. మా గల్లీలో నువ్వు చంద్రపూర్‌లో లేవు సాబేరా. షార్జాలోనే ఉన్నావు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్త, ఇండియాలో చెల్లెలుందని అందరికీ చెప్పుకోకు అంది. నీకు నేను లిఫ్టు ఉన్న ఇల్లు ఇచ్చాను. మరిదికి కారు ఇచ్చాను. అమ్మిని కూడా నీ దగ్గరే ఉంచాను. నా లెక్కలో అమ్మి షార్జాలోనే కన్నుమూసింది. ఇక్కడి ఆడవాళ్లు పరామర్శకి వచ్చి "షార్జా ఎంత దూరం, తల్లి ఆఖరి చూపుకి పోలేదా" అని నా ముఖం మీదే అన్నారు. నీ దగ్గర వాళ్లు నన్ను అన్న మాటే, నా దగ్గర వాళ్లూ నన్నే అన్నారు. నువ్వక్కడ టీ పోస్తూ ఊరుకున్నావు. నేనిక్కడ షర్బత్ పోస్తూ ఊరుకున్నాను.

నువ్వు భాగ్యలక్ష్మికి చెప్పేశావు. నాకు సంతోషంగా ఉంది, కొంచెం అసూయగా కూడా ఉంది. నేను ఇక్కడ చెప్పలేను. కోడళ్ల పుట్టింటివాళ్లున్నారు, చిన్నవాడికి ఇంకా పెళ్లి కాలేదు. నిన్న పక్కింటామె నీ కోసం హల్వా డబ్బా ఇచ్చి, "చెల్లెలింట్లో హాయిగా ఉండి రా" అంది. తీసుకున్నాను. తిరిగి వచ్చాక నీ ఇల్లు ఎలా ఉందని అందరూ అడుగుతారు. ఈసారి కళ్లతో చూసినది చెబుతాను. ఆ నాలుగు రోజులూ నువ్వు ఉండే ఇల్లు, నేను ఉండే ఇల్లు అదే కదా, అబద్ధమేముంది?

శ్రావణ్‌కుమార్‌ని తొక్కు సీసా కోసం వీధిలో నిలబెట్టకు. అన్నం వేళకి గదికి రమ్మను. తలుపు నేనే తీస్తాను. అతని అక్క అప్పుడెప్పుడో అడిగిన ఒక్కపూట అన్నం నా చేత్తో పెడతాను, గోంగూరతో.

ఇంకొక్క మాట. ప్రమోద్‌ని అడిగి మూడో అంతస్తులో బాల్కనీ ఉన్న గదికి మార్పించు. ఎక్కువైతే అయింది, ఆ తేడా నేను పెట్టుకుంటాను. కరివేపాకు నువ్వు తీసుకురా.

నీ షార్జా ఆపా
ఖుర్షీద్