సీన్ నలభై రెండు, కుడి వైపు ఖాళీ

జూన్ 3
కృష్ణానగర్ వెళ్లి వచ్చాను. కో-డైరెక్టర్ రమేశ్ గారు నా స్క్రిప్టు నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు. కథల పుస్తకంలా ఉందట. పేజీని నిలువుగా రెండు చెయ్యాలి. ఎడమ వైపు కంటికి కనిపించేది, కుడి వైపు మాటలు. పైన సీన్ నంబరు, ఇల్లా బయటా, పగలా రాత్రా. మనసులో ఉన్నది రాస్తే కెమెరా ఏం తీస్తుందమ్మా, అన్నారు. నిజమే. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

జూన్ 5
సుల్తాన్‌పూర్‌లో ఫ్యాక్టరీలో ఫస్ట్ షిఫ్ట్. సిరంజీలు, ట్రేలు, మళ్లీ సిరంజీలు. ఇంటికొచ్చి గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. మిగతా సీన్లన్నీ తేలిగ్గానే రెండు ముక్కలయ్యాయి. నలభై రెండు కాలేదు. పోయిన ఏడాది అమ్మ కంపెనీలో పని చేస్తూ పడిపోయి, ఆస్పత్రికి చేరేలోపే పోయిన సాయంత్రం అది. నేను రాసుకున్నది ఒకే వాక్యం — కూతురికి ఏడుపు రాలేదు. ఎడమ వైపు పట్టదు, కనిపించదు కనుక. కుడి వైపూ పట్టదు, మాట కాదు కనుక.

జూన్ 6
ఏం రాయలేదు.

జూన్ 9
రమేశ్ గారి ఫోన్. ఆదివారం డైరెక్టర్ గారు కథ వింటారట. చదవకూడదు, చెప్పాలి. కాగితం చూస్తే నా కథ నాకే రాదనుకుంటారు. ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకో, ఆ తర్వాతే ఎవరికైనా చెప్పు, అని కూడా అన్నారు. మంచి మనిషి. చివర్లో నెమ్మదిగా — నలభై రెండులో కూతుర్ని భోరున ఏడిపించమ్మా, లేకపోతే ఆయన లేచి వెళ్లిపోతారు...
సరే సార్ అన్నాను. ఎందుకన్నానో.

జూన్ 10
'భోరున ఏడుస్తుంది.' రాసేశాను. ఎడమ వైపు చక్కగా పట్టింది.
ఆ రోజు చుట్టాలకు కావలసిందీ ఇదే. ఏడువు బిడ్డా, ఏడువు — మేనత్త వీపు నిమురుతూనే ఉంది. రాలేదు. ఇప్పటికీ రాలేదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది. అమ్మ మీద ప్రేమ లేదనుకున్నారు అందరూ. నాకూ అదే భయం.

జూన్ 12
చెప్పడం అలవాటు కావాలని నాయినను కూర్చోబెట్టాను. మంచం మీద కాళ్లు ముడుచుకుని విన్నాడు. ఇంటర్వెల్ అనగానే చాయ్ అడిగాడు. నలభై రెండు వచ్చింది. భోరున ఏడుస్తుంది, అన్నాను.
"నువ్వు ఏడ్వలే గదా బిడ్డా."
సినిమాకు కావాలి నాయినా అన్నాను. ఇంకో గుక్క చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి —
"మీ అమ్మ సద్ది డబ్బా కంపెనీ నుంచి అట్లనే వచ్చె. మూత గూడ తియ్యలే. నువ్వు నల్లా కాడ కూసోని గా డబ్బా తోమిందే తోమినవ్. నేనొచ్చి గుంజుకుంటే ఇడువలే. గది రాయలేదేంది?"
నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రావడం లేదు. పొయ్యి కూడా వెలగని ఇంట్లో ఎవరికి సద్ది కట్టాలని తోమాను?

జూన్ 13
కొట్టేసి మళ్లీ రాశాను. ఎడమ వైపు — నల్లా. డబ్బా. పీచు. కూతురి చేతులు. తండ్రి లాగుతాడు, ఆమె వదలదు. కుడి వైపు ఖాళీ.
ఫొటో తీసి రమేశ్ గారికి పంపాను. బాగుందమ్మా, తోముతూ తోముతూ ఏడుస్తుంది, అంతే కదా — అని మెసేజ్.


జూన్ 15, ఆదివారం
బీరంగూడలో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పొద్దున నాయిన అన్నం వండి సద్ది కట్టి చేతికిచ్చాడు. అదే డబ్బా. ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో.
నలభై ఒకటి దాకా మనసులో చెప్పుకున్నాను. తర్వాత కూతురు నల్లా తిప్పుతుంది... ఆ పైన డైరెక్టర్ గారి ముందు నా నోట్లోంచి ఏం వస్తుందో తెలియదు.
డబ్బా ఒళ్లో ఉంది, ఇంకా వెచ్చగా. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కండక్టరమ్మ ఫ్రీ టికెట్టుకు ఆధార్ చూపించమని రెండోసారి అడిగితే గానీ ఒక చెయ్యి తియ్యలేకపోయాను. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.